ఆల్ఫా సెంటారీ కనిపించిందన్నాడు

జూన్ 8

సైన్స్ టీచర్‌ని కదా, స్కూలు తెరవగానే సైన్స్ క్లబ్ టాక్ నా నెత్తిన పడింది. టాపిక్: మనకు దగ్గరి నక్షత్రాలు. సూర్యుణ్ణి వదిలేస్తే అన్నిటికంటే దగ్గరిది ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాలు. అంత దగ్గరున్నా మామూలు కంటికి ఆనదు, వెలుగు చాలదు. దాని తోటిదైన ఆల్ఫా సెంటారీ మాత్రం తిరుపతిలో మేడెక్కితే దక్షిణాన కిందుగా దొరుకుతుంది. నిజానికి అది రెండు నక్షత్రాలు. మనకు ఒకటే కనిపిస్తుంది.

గుణశేఖర్ ఈ రోజూ చీకటి పడకముందే ఇల్లు చేరాడు. కాలేజీ బస్సు రాత్రి ట్రిప్పు తోటి డ్రైవర్ మునిరత్నానికి ఇచ్చేశాడట. నడుం నొప్పట. పెళ్లయినప్పటి నుంచి ఈ మొగుడు నడుం పట్టుకోగా నేను చూడలేదు.

జూన్ 11

బార్నార్డ్ నక్షత్రం. ఆరు కాంతి సంవత్సరాలు. ఆకాశంలో అన్నిటికంటే వేగంగా జరిగేది ఇదేనట. టెలిస్కోపు ఉంటే తప్ప తెలియదు.

అతని ఫోన్ మోగింది. "మోహన చిత్తూరు". నేను చూడగానే బోర్లా పెట్టాడు. స్పేర్ పార్ట్స్ షాపు అన్నాడు. నేనేమైనా పిచ్చిదాన్నా?

జూన్ 13

బస్సు సర్వీసు ఉంది, షెడ్డుకని వెళ్లాడు. కూరగాయల దగ్గర మునిరత్నం కనిపించి, బస్సు సర్వీసు నిన్ననే అయిపోయె గదా వదినా, గుణన్న చిత్తూరు బస్సెక్కినాడే, అన్నాడు. నవ్వి వచ్చేశాను. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. కోపంకంటే భయమే ఎక్కువగా ఉంది.

జూన్ 15, రాత్రి 9

మేడెక్కుతూ అతన్నీ పిలిచాను. తప్పించుకోబోయాడు, వదల్లేదు. గోడ పట్టుకుని పైకొచ్చాడు. అప్పటికే దక్షిణమంతా మబ్బు కమ్మేసింది. ఒక్క చుక్క లేదు. మబ్బు మాటెత్తకుండా, ఆ లాడ్జి బోర్డు పైన ఆల్ఫా సెంటారీ చూడు అన్నాను.

ఆ, బాగా కనిపిస్తా ఉండాది, మెరస్తా ఉండాది, అన్నాడు.

మనసిక్కడ లేదు, మోహన దగ్గరుంది. నాకు ఏడుపొచ్చింది. పక్కనే ఉన్నా గమనించలేదు.

జూన్ 16

అతను స్నానానికి వెళ్లగానే ఆ నంబరుకు చేశాను. భార్యనని చెప్పాను. మోహన కంటి ఆసుపత్రి కౌంటర్లో పనిచేస్తుందట. సార్‌కి రేచీకటి ముదరతా ఉండాది మేడమ్, బండి నడిపేది నిలిపేయమని డాక్టరు చెప్పినారు, ఇంట్లో చెప్పలేదా, అంది.

ఈ మధ్య రాత్రిళ్లు అతను స్టూలు తన్నుకున్నాడు, మజ్జిగ గ్లాసు గట్టు అంచున పెట్టి వదిలేశాడు. అన్నీ చూశాను. అన్నిటికీ మోహనే కారణమనుకున్నాను. సిగ్గుగా ఉంది.

అడిగితే తల దించుకుని, లైసెన్సు పోతే ఏం జేసేది నవీనా, నాకు ఇంకో పని రాదే, అన్నాడు. రేపటి నుంచి మునిరత్నం సెలవు, తమ్ముడి పెళ్లి. రాత్రి ట్రిప్పు మళ్లీ ఇతనిదే. తెలిసిన రోడ్డే గదా అంటాడు. బస్సు నిండా పిల్లలు.

జూన్ 17, సాయంత్రం 7

కాలేజీకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. వేరే డ్రైవర్‌ను పంపుతున్నారు. అతనికింకా తెలియదు.

కరెంటు పోయింది. రాయడానికి కిటికీ వెలుగు నాకు చాలు. బస్సు తాళాలు నా ఒళ్లో ఉన్నాయి. అతను వెతుకుతున్నాడు. నవీనా, యాడుండావు, అంటున్నాడు.

చేయి చాస్తే అందేంత దగ్గర కూర్చున్నాను.