సలోమిని పడుకోబెట్టిన చోటు

తమ్ముడు యోహానును, మరదలు రాహేలును, పిల్లలను ప్రభువు పేరట దీవించి అక్క మరియమ్మ రాయించే ఉత్తరం. మీరందరూ ఒంట్లో బాగుండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను. రాహేలు మోకాలి నొప్పి తగ్గిందా? నాకేమీ జబ్బు లేదు. తింటున్నాను, పడుకుంటున్నాను. దిగులు పెట్టుకోవద్దు.

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని రాయిస్తున్నాను. రాసేది మా హాస్టల్ వార్డెనమ్మ. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. తిట్లు మాత్రం రాయనంది.

విజయవాడ వచ్చి ఐదు నెలలయింది. ఈ ఆడపిల్లల హాస్టల్లో కూరగాయలు తరగడం, వడ్డించడం నా పని. నాట్లలో వంగీ వంగీ అలవాటైన నడుము, కత్తిపీట ముందు కూర్చుంటే పట్టేస్తోంది. గది కొలిమిలా ఉంటుంది, గాలి ఆడదు. రోజూ పప్పు, సాంబారు తిని నోరు చచ్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే నాలుగు ఎండు చేపలు పంపించు. వార్డెనమ్మకు తెలియకుండా అని చెప్పబోయాను, రాసేది ఆమే. పిల్లలు "మామ్మా, ఇంకో గరిటె" అంటారు. రోజు మొత్తానికి నాతో ఎవరైనా మాట్లాడేది అంతే. అయినా బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. మన సలోమి కేసు చూస్తున్న లాయరమ్మ విమల గారు కంకిపాడు వైపు కౌలు రైతు కూతురు. పోయిన వారం ఉండబట్టలేక అడిగాను.

"నీకెందుకమ్మా ఈ యాక్సిడెంట్ల పని? పొలం తగాదాలు పట్టుకుంటే ఈపాటికి కారు కొనేదానివి."

"మా నాన్న సైకిలు మీద పాలు తీసుకెళ్తుంటే బస్సు గుద్దింది మామ్మగారూ. నాకప్పుడు పదేళ్ళు. మా అమ్మ ఆసుపత్రిలో కాళ్ళావేళ్ళా పడి, పోస్టుమార్టం చేయించకుండా శవాన్ని ఇంటికి తెచ్చేసుకుంది. తర్వాత కోర్టులో అవతలి వకీలు లేచి, ఆయన గుండె ఆగి తనే పడిపోయాడన్నాడు. కాదని చూపించడానికి మా దగ్గర కాగితం ముక్క లేదు. తనవల్లే ఓడిపోయామని మా అమ్మ పోయేదాకా కుమిలింది. ఆ వకీలుకి జవాబు చెప్పాలనే లా చదివాను."

"చెప్పావా మరి?"

"మా నాన్న కేసు ఎప్పుడో ముగిసిపోయింది. మీ అమ్మాయి కేసులో చెప్పనివ్వండి."

 నేనూ అదే చేశాను గదా. పోయినేడాది నాట్లప్పుడు, కూలీల ఆటోను మిల్లు ట్రాక్టరు వెనకనుంచి గుద్దితే, సలోమి కాలువ గట్టు రాళ్ళ మీద పడి ప్రాణం వదిలింది. ఆసుపత్రిలో స్ట్రెచర్ పట్టుకుని, నా బిడ్డ మీద కత్తి పెడితే ఊరుకోనని అరిచింది నేనే. నన్నెవరూ మోసం చేయలేదు. ఆ రోజు కేసు వద్దని వేలిముద్ర వేసింది కూడా నేనే. నువ్వు పక్కన నిలబడ్డావు.

మిల్లు వాళ్ళు అప్పట్లో ఊళ్ళో అన్నదే ఇప్పుడు కోర్టుకూ రాసిచ్చారు, తెలుసా? దానికి మూర్ఛరోగం ఉందట. ఆటోలోంచి తనే జారి పడిందట. నా బిడ్డకు ఏనాడైనా మూర్ఛ వచ్చిందా? నువ్వు ఎత్తుకుని పెంచావు, నువ్వే చెప్పు. ఇది అబద్ధమని ఊళ్ళో తిరిగి చెప్పినందుకే నన్ను నాట్లకు పిలవడం మానేశారు. అందుకే ఇక్కడికి వచ్చాను.

సమాధి తవ్వి చూస్తే, తల ఎముక ఎలా పగిలిందో డాక్టరు చెప్పగలడట. లాయరమ్మ దానికి ఆర్డరు తెచ్చింది. సంఘం అయ్యగారు ఫోన్ చేశారు. "మరియమ్మా, ప్రభువు లేపే రోజు ఉంది. మనుషులెందుకు లేపడం?" అన్నారు.

"ప్రభువు లేపినప్పుడు ఎవరు గుద్దారో అదే చెబుతుంది అయ్యగారూ. అప్పటిదాకా మూర్ఛరోగిలా పడుకోవాలా?" అన్నాను. ఆయన మళ్ళీ చేయలేదు.

నువ్వు మిల్లులో బస్తాలు మోస్తున్నావు. నీ భయం నాకు తెలుసు. కానీ దాన్ని పూడ్చిన వారమే కాలువ పొంగి శ్మశానమంతా ఒండ్రు కప్పేసింది. మనం శిలువ కూడా పెట్టలేదు. నన్ను ఆ రోజు ఆడవాళ్ళు ఇంట్లోనే పట్టుకుని కూర్చోబెట్టారు. గొయ్యి తవ్విన ముగ్గురిలో మిగతా ఇద్దరూ గుర్తు లేదని రాసిచ్చారు. ఇక నువ్వొక్కడివే.

సోమవారం పొద్దున తహసీల్దారు, డాక్టరు, పోలీసులు వస్తారు. నువ్వు సాక్ష్యం చెప్పనక్కర్లేదు, మిల్లు పేరు ఎత్తనక్కర్లేదు. ఆ చోట వెళ్ళి నిలబడు, చాలు. పని నుంచి తీసేస్తే ఇక్కడికి రండి. హాస్టల్ వెనక గది ఉంది, వార్డెనమ్మను అడిగాను, సరేనంది.

నువ్వు రాకపోయినా నేను వస్తాను. చోటు చూపించమంటే నాకు తెలియదు. తెలియదని వాళ్ళు కాగితం రాసుకుని జీపెక్కి వెళ్ళిపోతారు, నా కూతురు మూర్ఛతో చచ్చినట్టు కోర్టులో ఖాయమవుతుంది. అదే జరిగితే నన్ను పూడ్చడానికి నువ్వు రావద్దు, యోహాను.

రాహేలుకు నా ముద్దులు, పిల్లలకు దీవెనలు. పెద్దలందరికీ వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చేయమను, కోపం తగ్గాలని మాత్రం చేయొద్దను.

సోమవారం దాకా నీ అక్క,
మరియమ్మ