తాతా మనవరాలూ వలిచిన బఠాణీలు

అమ్మాయీ, ఇక్కడ మేమిద్దరం కులాసా. బుడ్డది తిండి మానేసి చిక్కిపోతుందని నువ్వేం బెంగపడకు.

నువ్వు ట్రైనింగుకి వెళ్ళిన కొత్తలో ముద్ద పట్టుకుని దాని వెనకాల ఇల్లంతా తిరిగాను. "ఆకుపచ్చది వద్దు తాతా" అంటూ మంచం కిందికి దూరేది. చివరికి విసుగొచ్చి బతిమాలడం మానేశాను. నిన్న పచ్చి బఠాణీలు ముందేసుకుని వలుస్తుంటే, తనే వచ్చి పక్కన చతికిలబడి "నేనూ చేస్తా" అంది. సగం గింజలు బల్ల కిందికి దొర్లాయనుకో. కూర వండి ఇద్దరికీ కంచాలు పెట్టాను. దానికి ఉత్త అన్నమే పెట్టి, నేను కూర కలుపుకున్నాను. తినమని ఒక్క మాట అనలేదు. కాసేపు నన్నే చూసి, "అవి నేను వలిచినవి కదా, నాకేవీ?" అని దబాయించింది! మారు కూడా వడ్డించుకుంది. సాయంత్రం పక్కింటి పిల్లతో "మా తాతా నేనూ వండాం, నీకు వచ్చా?" అని ఒకటే గొప్పలు. వింటుంటే నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. నాలుగేళ్ళు నిండని పిల్లే!

నువ్వు పంపే బిస్కెట్లు ఇక చాలించు. కుక్కరు రబ్బరు సాగిపోయింది, ఏ సైజుది కొనాలో రాయి. దాని స్వెట్టరు ఎక్కడ పెట్టావు?

చోటు అయిపోతోంది. బుడ్డది నా భుజమెక్కి, "అమ్మ అక్కడ కూర తింటోందా లేదా, అడుగు" అంటోంది. నిజం రాయి, చదివి వినిపించాలి.

నా దీవెనలు, దాని ముద్దులు.
నాన్న