లేటైతే మా విమానం

జులై 8, మంగళవారం

మళ్ల అదే లొల్లి. నిన్న పొద్దుమూకి రాజమండ్రికెల్లి మా చిన్న విమానం హైదరాబాద్ల టైముకే దిగింది. దిగి, వానల నిలవడ్డది. మెట్లు పెద్ద కంపెనీ వాళ్లవి, బస్సు వాళ్లది. బస్సేమో ముందుగాల వాళ్ల పెద్ద విమానం కాడికి పోయిందంట. మా ప్యాసింజర్లు లోపలనే కూసున్నరు... ఎక్కాల్సిన ఢిల్లీ విమానం కండ్ల ముంగటనే కదిలింది. అండ్ల ఒక పిల్లకు ఇయ్యాల ఢిల్లీల ఇంటర్వ్యూ. పాయె.

పొద్దుగాల కాల్‌ల కిరణ్ — పెద్ద కంపెనీ మేనేజరు, నోరు తెరిస్తే అండి అండి — "రిపోర్టులో పైలట్ వల్ల ఆలస్యం అని వేసేద్దామండి?"

తేనె పూసిన కత్తి. ఒప్పుకోనన్న. సోమవారం దాకా ఆలోచించుకోమన్నడు.

జులై 9, బుధవారం

టికెట్ మీద పేరు వాళ్లది. విమానం మీద రంగు వాళ్లది. మా పేరు తలుపు పక్కన, చీమ తలకాయంత. మంచిగ నడిస్తే వాళ్ల సర్వీసు, లేటైతే మా విమానం. రోజూ పొద్దుగాల కాల్‌ల కూసొని నిన్నటి లేటు ఎవరి నెత్తిన రుద్దాల్నో తేల్చుడు — గిదీ నా కొలువు. జీతం మా కంపెనీది, కుర్చీ మాదాపూర్ల వాళ్ల ఆఫీసు మూలకు. ఇన్నాళ్లయినా మెడల విజిటర్ కార్డే. థూ.

జులై 10, గురువారం

లక్ష్మి మేడం ఫోన్. ఆ పొద్దు విమానం నడిపిన కెప్టెన్ ఆమెనే.

"నేను టైముకే దింపిన గద. నువ్వు ఊ అంటే నా పేరు మీద పడ్తది. ఇప్పటికే రెండున్నయ్. ఇంకోటి పడితే నన్ను సీట్లకెల్లి లేపుతరు..."

ఆ రెండు, నాకంటే ముందు గీ కుర్చీల కూసున్న నవీన్ ఊ అన్నవి. ఇప్పుడు నవీన్ కిరణ్ పక్క సీట్ల ఉన్నడు. మెడల వాళ్ల కార్డు. నన్ను చూస్తే తల దించుకుంటడు.

జులై 11, శుక్రవారం

మా బాస్ రెడ్డి సార్, అనంతపురం నుంచి — "ఒప్పేసుకోమ్మా. ఈ నెల్లోనే కాంట్రాక్టు మళ్లా రాసుకోవల్ల. వాళ్లు ప్యాసింజర్లను ఇయ్యకపోతే మన విమానాలు యాడ పెట్టుకోవల్ల?"

మరి మేడం, సార్?

"ఆయమ్మకు నేను జెప్తాలే."

చెప్తడంట! ఏం చెప్తడు, ఇంట్ల కూసోమనా? దొంగ సచ్చినోడు.

జులై 12, శనివారం

పొద్దంత ఫోన్ ఆఫ్ చేసి పెట్టిన.

జులై 13, ఆదివారం

బోరబండల బోనాలు. అమ్మ — "అమ్మవారి ముంగట గా మొఖమేందే, జర నవ్వు." నవ్వ.

డప్పుల నడుమ కిరణ్ మెసేజ్. "మా టీంలో ఒక సీటు ఖాళీ అవుతోందండి. మీలా సర్దుకుపోయేవాళ్లు కావాలి."

సర్దుకపోయేటోళ్లు! వాని నోట్ల మన్ను వడ. అమ్మకు చెప్పలే, చెప్తే ఎగిరి గంతేస్తది. నాకు గూడ ఒక్క క్షణం ఆశ పుట్టింది... గదే ఇంకా మండుతుంది.

జులై 14, సోమవారం

కాల్ నడుస్తుంది. మ్యూట్‌లున్న, రాస్తున్న. అద్దాలకవతల వాన.

మేడం మెసేజ్ — "ఇయ్యాల గూడ రాజమండ్రి నేనే పోతున్న. ఒప్పుకోనని చెప్పినవా?"

కిరణ్ — "పైలట్ వల్ల అని ఫైనల్ చేసేద్దామా అండి?" తెర మీద వాని పక్కన నవీన్, మెడల కార్డు వేళ్లతోని తిప్పుకుంట. మా రెడ్డి సార్ గూడ లైన్ల ఉన్నడు, ఊపిరి ఇనవడ్తుంది.

ఊ అంటే నా మెడల గూడ వాళ్ల కార్డే, రేపటి సంది గా ముచ్చట నేనే అడగాలె — గీ కుర్చీల ఎవరొస్తే వాళ్లను. ఊహూ అంటే కుర్చీనే ఉండది.

"హలో అండీ? వినబడుతోందా?"

ఇనవడ్తుంది. మస్తు ఇనవడ్తుంది. ఆగు, మ్యూట్ తీస్తున్న —