ఏ ల్హోతా?

జోసెఫ్ గారూ,

మీకు తెలుగు రాదు. ఇప్పుడిక ఏ భాషైనా ఒకటే కాబట్టి నా భాషలోనే రాస్తున్నాను.

నిన్న మీ అమ్మాయి హెలెన్ మీ అపార్ట్‌మెంట్ ఖాళీ చేయడానికి ప్లెయిన్స్‌బరో వచ్చింది. మీ అస్థికలు చెక్ దేశంలోని మీ ఊరి వాగులో కలపాలట. ఊరి పేరు తనెప్పుడూ అడగలేదట. పక్కింటిదాన్ని కదా, నేను గర్వంగా "ల్హోతా" అని చెప్పాను.

మ్యాప్‌లో టైప్ చేస్తే దేశమంతా ల్హోతాలే! వెనకటి రోజుల్లో అడవి కొట్టి ఊరు కట్టుకున్నవాళ్లకి కొన్నేళ్లు పన్ను ఉండేది కాదట. అలాంటి ఊళ్లన్నిటికీ అదే పేరట, మా కొత్తపల్లుల్లాగా.

"జూమ్ చెయ్, వాగు పక్కన చర్చి ఉన్నది చూద్దాం" అన్నారు మావారు. చాలావాటికి వాగుంది, చర్చి ఉంది. మీరు చెప్పిన గుట్టా, ప్లమ్ చెట్లూ మ్యాప్‌లో ఏం తెలుస్తాయి?

"ఏ ల్హోతా అని మీరు అడగలేదా?" అంది హెలెన్.

అడిగాను. ఊరి పేరు వినగానే ఏ జిల్లా, దగ్గర్లో టౌనేది అని అడక్కుండా మా తెలుగువాళ్లు ఊరుకుంటారా? మీరేమో నవ్వేసి, "ఏ ల్హోతా ఏమిటి? ఉన్నది ఒక్కటేగా" అన్నారు.

అదే చెప్పాను. హెలెన్ మీ అస్థికల డబ్బా ఒళ్లోకి తీసుకుని, మ్యాప్‌ని మళ్లీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టింది.