ఈల ఊదిన పిల్ల

8 జనవరి 1986

రేపు ఎనిమిదో తరగతి పిల్లలని అటవీశాఖవాళ్ళ పార్కుకి తీసుకెళ్ళాలి. కోహీర్ అవతలి గుట్ట చుట్టూ పోయిన ఏడాదే ముళ్ళకంచె వేసి, లోపల ఉయ్యాలలు, దుప్పుల దొడ్డి, బోర్డులు పెట్టారు. పర్యావరణ విద్యట. జిల్లా ఆఫీసుకి రిపోర్టు పోతుంది, జాగ్రత్త అని మా హెడ్‌మిస్ట్రెస్ కమలమ్మగారు మళ్ళీ మళ్ళీ చెప్పారు. పిల్లల కాళ్ళకి చెప్పులున్నాయో లేదో మాత్రం అడగలేదు.

భాగీరథి సంబరం చూడాలి. కోహీర్ పక్క పల్లె నుంచి మా జహీరాబాద్ హైస్కూలుకి వచ్చే ఆడపిల్ల అదొక్కతే. బస్సులో కిటికీ సీటు తనకేనని ఇప్పుడే నాతో మాట తీసుకుంది.

9 జనవరి, సాయంత్రం

ఇవాళ జరిగింది రాయబుద్ధి కావడం లేదు. అయినా రాసుకోవాలి.

పొద్దున బాగానే గడిచింది. పిల్లలు ఉయ్యాలలూగారు, దుప్పులకి గడ్డి పెట్టారు. రేంజర్ మదన్‌మోహన్‌గారు అందరినీ చెట్టు కింద కూర్చోబెట్టి క్లాసు చెప్పారు. చెట్టు కొట్టేవాళ్ళు దొంగలట. ఇకనుంచి అడవికి మీరే కాపలా అంటూ తలా ఒక ప్లాస్టిక్ ఈల పంచారు. గొడ్డలి చప్పుడు వినబడితే ఊదాలన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను.

సద్దులు తిని గుట్ట ఎక్కుతున్నాం. భాగీరథి అందరికన్నా ముందుంది. పొదల వెనక గొడ్డలి చప్పుడు. భాగీరథి ఈల ఊదింది. వెనకే క్లాసంతా ఊదింది. గార్డులు పరుగెత్తారు. కట్టెలు కొట్టే ఆడవాళ్ళు మోపులు పడేసి పారిపోయారు. ఒకామె కాలు కంచెలో చిక్కుకుంది. శరణమ్మ. భాగీరథి తల్లి.

శరణమ్మ నాకు తెలుసు. పొద్దుటి రైలుకి కట్టెలమోపుతో జహీరాబాద్‌లో దిగుతుంది. నా పొయ్యిలోవీ ఆమె తెచ్చిన కట్టెలే. పార్కుకి పోతున్నామని కూతురు చెప్పే ఉంటుంది. కానీ పార్కంటే ఆమెకేం తెలుసు? మనకది పార్కు, ఆమెకి గుట్ట.

ఆమె ఏడవలేదు. కూతురు అమ్మా అనబోతుంటే వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. భాగీరథి అక్కడే నిలబడిపోయింది. ఆమె భాగీరథి తల్లి అని క్లాసులో చాలామందికి తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

10 జనవరి

రేంజ్ ఆఫీసుకి వెళ్ళాను. మీ పిల్లలు మా గార్డులకన్నా నయం అని మదన్‌మోహన్‌గారు టీ తెప్పించారు. ఆ ఆడమనిషిని వదిలెయ్యమన్నాను. నిన్ననే వేలిముద్ర తీసుకుని పంపేశారట. కేసు మాత్రం రాసేశారట, కోర్టు పిలిచినప్పుడల్లా రావాలట, గొడ్డలి తిరిగివ్వడం కుదరదట. నాది ఉత్త జాలి అనుకున్నట్టున్నారు. ఆమె ఎవరో చెబితే పిల్ల పేరు బయటికొస్తుంది. టీ తాగి వచ్చేశాను.

16 జనవరి

భాగీరథి ఇవాళ కూడా రాలేదు.

20 జనవరి

వాళ్ళ ఊరికి వెళ్ళాను. పిల్ల అల్లం తవ్వే కూలికి పోయింది. శరణమ్మ కాలికి పసుపు గుడ్డ కట్టుకుని వాకిట్లో కూర్చుంది. కొట్టలే, తిట్టలే, అయినా పోరి నా మొకం సూస్తలేదు టీచరమ్మా, బువ్వ పెడితే తల వంచుకోని తింటది అని చెప్పింది. బడికి పో అంటే, మళ్ళ ఏం నేర్పుతరో, భయమైతుంది అంటుందట.

ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఈ మాట ఎవరూ అనలేదు.

24 జనవరి

గోరుచుట్టు మీద రోకటిపోటు. ముందుగా ఈల ఊదిన పిల్లకి రిపబ్లిక్ డే నాడు బహుమతి ఇస్తారట. ఆపమని కమలమ్మగారిని బతిమాలాను. ఉన్నదంతా చెప్పాను. ఆవిడ జిల్లాకి పంపిన రిపోర్టు నకలు తీసి చూపించారు. పేరు జిల్లాకి పోయిందమ్మా, వద్దంటే కారణం రాయాలి, ఆ పిల్ల తల్లి దొంగ అని రాయమంటావా అన్నారు. వద్దన్నాను. ఆవిడ చెడ్డమనిషైనా బాగుండేది, తిట్టుకునేదాన్ని.

26 జనవరి

మైకులో భాగీరథి పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. వెనక ఆడవాళ్ళలోంచి శరణమ్మ లేచింది. ఉతికిన చీర, నూనె రాసి దువ్విన తల. కుంటుకుంటూ స్టేజి ఎక్కింది.

రేంజర్‌గారు ఆమెకి నమస్కారం పెట్టారు. గుర్తుపట్టలేదు. సర్టిఫికెట్, స్టీలు టిఫిన్ డబ్బా చేతికిచ్చి, ఇలాంటి బిడ్డని కన్న తల్లి ధన్యురాలని మైకులో చెప్పారు. ఫోటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా క్లాసు పిల్లలు కొట్టలేదు.

స్టేజి దిగాక శరణమ్మ నా దగ్గరికొచ్చింది. ప్రైజని బడి నుంచి కబురొచ్చింది, ఎవ్వరు తీస్కోకుంటే ఎందుకు రాలేదని అడుగుతరు, బిడ్డ బద్నాం అయితది, గందుకే వచ్చిన అంది. వచ్చే వారం కోర్టుంది, ఈ రేంజర్ సారే వస్తడా, అప్పుడు గుర్తుపడ్తడా అని అడిగింది. తెలియదన్నాను.

10 ఫిబ్రవరి

నెల రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టెయ్యాలని రూలు. ఎర్ర పెన్ను పట్టుకుని, ఆఖరిసారి భాగీరథి అని పిలిచాను. వెనక బెంచీల్లోంచి ఎవరో ప్రెజెంట్ టీచర్ అన్నారు. అది భాగీరథి గొంతు కాదు. నేను తల ఎత్తలేదు. టిక్ పెట్టాను.