రెండవ పెట్టె తలుపు కడ్డీని కోయించవద్దని

సజ్జా, షార్జా
తేది: 13-02-2024

పాత కరెంటు రైళ్ల ప్రదర్శన లైను సంరక్షణాధికారి శ్రీయుత సుబ్బరాజు గారి సముఖమునకు, అదే లైనులో ఇనుము కోసే గ్రైండర్ పనిచేయు కొండగుర్ల భోజన్న వ్రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: బొంబాయి లోకల్ బండి రెండవ పెట్టె తలుపు నడుమ నున్న నిలువు కడ్డీని గురువారం నాడు నా చేతనే కోయించవలెనను తమ మెమోను రద్దుచేయుట గురించి.

1. విన్నవించునది ఏమనగా, బొంబాయిలో ఏండ్ల తరబడి తిరిగి రిటైరైన సదరు బండిని మనకు వీసాలిచ్చిన యజమాని కఫీల్ గారు ఓడలో తెప్పించగా, పద్నాలుగు నెలలుగా దాని తుప్పు గీకి, రంగు వేసి, ఫ్యాన్లు, సీట్లు, పైన వేలాడే పట్టుడు పిడులు ఉన్నవి ఉన్నట్లు నిలబెట్టిన వారిలో నేనూ ఒకడిని. 'ఒక్క మేకు కూడా మార్చరాదు' అని షెడ్డు గోడమీద రాయించినది తమరే.

2. శనివారం అతిథులతో జరిగిన మొదటి ప్రయాణంలో, కదులుచున్న బండిలోకి వంటమనిషి రహమత్‌బీని చెయ్యిపట్టి లాగితినని మెమోలో ఉన్నది. నిజమే, కాదనను. అతిథులకు గావా, అనగా అరబ్బుల కాఫీ, ఫ్లాస్కు పట్టుకొని ఆమె వచ్చేసరికే బండి కదిలింది. ఆమె పరుగెత్తింది. నేను ఎడమచేత్తో సదరు కడ్డీ పట్టుకొని తలుపులో ఉన్నాను.

"ఓరి అబ్బాయ్, నన్నొదిలేసి పోతున్నారేంట్రా!" అని ఆమె కేక.

"ఫ్లాస్కు ఇడిసెయ్యవ్వా! చెయ్యియ్యి, చెయ్యియ్యి!" అని నా కేక.

ఫ్లాస్కు ప్లాట్‌ఫారం మీద పగిలింది. ఆమె లోపల పడింది. ఏడుస్తుందనుకుంటే పడీపడీ నవ్వింది.

3. పైన కరెంటు తీగ లేనందున మన బండిని డీజిల్ ఇంజను అర కిలోమీటరు తోసి, ఆరు నిమిషాల్లో అదే ప్లాట్‌ఫారానికి తెచ్చి నిలుపుతుంది. "ఆరు నిమిషాలాగితే అదే వచ్చును కదయ్యా! నీకు మతుందా, పోయిందా?" అని తమరు అందరి ముందు అడిగారు. తలుపులో కడ్డీ ఉన్నందుననే ఈ వేషాలని, దానిని తీసి తలుపులకు తాళం వేయవలెనని ఆ సాయంత్రమే మెమో వచ్చింది.

(అర్జీ ఇక్కడ ఆపి షెడ్డుకు పోయి చూసి వచ్చాను. కడ్డీ ఉన్నది.)

4. ఆనాడు చెప్పలేని జవాబు ఇప్పుడు సమర్పించుకొనుచున్నాను. 2009లో నేను, నా తమ్ముడు అంజి బొంబాయిలో ఇటువంటి బండిలోనే పనికి పోయేవాళ్లం. తలుపులో నిలబడినవానికి అక్కడ ఒక విధి కలదు. ఉరికి వచ్చేవాడు ఎవడైనా సరే, చెయ్యి ఇవ్వాలి. ఒకనాడు ఉరికి వచ్చినవాడు అంజి. నా ఎడమచేతిలో కడ్డీ, కుడిచేతిలో టిఫిన్ డబ్బా. డబ్బాలో చేపల కూర. దాన్ని పారేయడానికి మనసొప్పక ఒక్క క్షణం ఆగాను సార్. డబ్బా వదిలేసరికి ప్లాట్‌ఫారం అయిపోయింది. వాడి కాలు మోకాలి కింద పోయింది.

5. వాడిప్పుడు కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఇన్నేండ్లలో నన్ను ఒక్కమాట అనలేదు. అదే నన్ను కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. మొన్న ఫోనులో రహమత్‌బీ సంగతి చెప్పాను. "ఫ్లాస్కు పోతె పోయింది. మంచి పని జేసినవే అన్నా" అన్నాడు. నేను క్యాంపు బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

(మరల పోయి చూసి వచ్చాను. ఉన్నది. వాచ్‌మన్ కసురుకున్నాడు.)

6. ఇది అదే పెట్టె అని నేను అబద్ధం చెప్పను. అటువంటివి వందలు తిరిగేవి. కానీ సదరు కడ్డీ నడుమ జానెడు మేర అరిగి సన్నబడి ఉన్నది. అది తుప్పు కాదు, చేతులు. రంగు మేము వేశాము, ఆ అరుగుడు ఎవరు వేయగలరు? ఫ్యాన్లు కాపాడి దీనిని కోస్తే తమరు కాపాడినది ఏమిటో నాకు అర్థం కావడం లేదు. ప్రమాదమనుకుంటే అడ్డంగా గొలుసు వేయించండి, నన్నే కాపలా పెట్టండి. ఫ్లాస్కు నా జీతంలో పట్టుకోండి. కడ్డీని మాత్రం నా చేత కోయించకండి.

కావున ఈ అర్జీని తమరు కోపం దిగిన పిమ్మట, గురువారం రాకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇప్పటికీ కడ్డీ పక్కనే ఉన్న
కొండగుర్ల భోజన్న

తా.క.: సారూ, కోత డిస్కులు పోయినయని స్టోర్ల లొల్లి జేస్తున్నరట. ఎవలను తిట్టకుండ్రి, నేనే దీసిన. నా మంచం కింద ఉన్నయి. రేపు పొద్దుగాల ఉట్టి బండి నడిపేటప్పుడు మీరు ఒక్కసారి ఆ తలుపుల నిలబడుండ్రి. బండి కదిలినంక నేను ఉరికొస్త. నాకు యాభై రెండేండ్లు, మోకాళ్లు సక్కగ లెవ్వు. మీరు దేన్ని పట్టుకొని నాకు చెయ్యిస్తరో జర చూసుకోండ్రి.