కందిపప్పులో పురుగులను ఎవరు పుట్టించారు

ఆదివారం, ఆగస్టు 1974

సముద్రంలో మొదటి జీవి తనంతట తానే పుట్టిందని పొద్దున చాయ్ తాగుతూ నాయనకు చెప్పాను. అదే నా తప్పు.

"చేసెటోడు లేకుంట దానంతల అదే పుడ్తదార? బడిల పిల్లలకు గిదేనా నువ్వు చెప్పేది?" అని గంటసేపు నన్ను వదల్లేదు.

సెలవు కదా అని నేనూ నాయనతో పాటు మా కిరాణా దుకాణంలో కూర్చున్నాను. పదింటికి పక్క ఊరు ఉమ్రి నుంచి పోశవ్వ వచ్చింది. పోయిన వారం మా దగ్గర కొన్న కందిపప్పు మూట విప్పితే, పప్పు నడుస్తోంది.

"నా తాన మంచిగనే ఉండె అవ్వా. వానకాలం గదా, తేమకు వాటంతల అవే పుడ్తయి," అన్నాడు నాయన, తక్కెడ వైపు చూస్తూ.

పోశవ్వ నా వైపు తిరిగింది. "గురూజీ, నువ్వు సైన్సు చెప్తవట. నువ్వు చెప్పు, గివి ఎట్ల పుట్టినయి?"

పురుగు గుడ్డు నుంచే పుడుతుంది. ఆ గుడ్లు మా బస్తాలోనే ఉన్నాయి. తొమ్మిదో తరగతికి మొన్ననే చెప్పిన పాఠం. నాయన దగ్గాడు.

"అంతా దేవుని సృష్టి అవ్వా," అన్నాను.

"అయితే గా దేవునికే పెట్టుర్రి. నాకు వేరే పప్పు పోయుర్రి."

నాయన వేరే బస్తా విప్పి తూచి పోశాడు.

రాత్రి అమ్మ, పోశవ్వ వదిలిపోయిన ఆ పురుగుల పప్పునే జల్లెడ పట్టి వండింది. నాయన దేవుడి మీద భారం వేసి రెండుసార్లు వడ్డించుకున్నాడు. గుడ్ల సంగతి తెలిసినవాణ్ని, నేను మజ్జిగ పోసుకున్నాను.

నాయన నా కంచం చూశాడు. "పొద్దున దుకాణంల గంత మంచిగ చెప్పినవు. నమ్మకం మాత్రం లేదురా నీకు," అన్నాడు.